తర్లుపాడు రోడ్డులో వాయుస్తంభనం

మార్కాపురానికి ఒక కలెక్టరు కావాలని ఊరంతా ఏళ్ల తరబడి దీక్షలు చేసింది, దుకాణాలు మూసింది, అర్జీల మీద అర్జీలు పంపింది. ఆ కలెక్టరు ఇంకా కాగితాల మీద ప్రయాణం చేస్తుండగానే, తర్లుపాడు రోడ్డులోని ‘గురవయ్య దారుశిల్ప నిలయా’నికి మాత్రం ఒక కలెక్టరు లారీ ఎక్కి వచ్చి దిగాడు. ఈయన అధికారం దుమ్ము వరకే. కంపెనీవారు డస్ట్ కలెక్టరు అని పేరు పెట్టగా, అందులో మొదటి మాట తన హోదాకు తగదని గురవయ్య దాన్ని తొలగించి, “మా కలెక్టరు” అని వ్యవహరించసాగాడు.

ఆ యంత్రంలో నిజానికి రహస్యమేమీ లేదు. ఒక మోటరు, దానికొక ఫ్యాను. కోత మిషను దగ్గరనుంచీ, చిత్రిక పట్టే మిషను దగ్గరనుంచీ వచ్చే గొట్టాల ద్వారా ఫ్యాను గాలినీ పొట్టునూ కలిపి లాక్కుంటుంది. బరువైన పొట్టు కింది ప్లాస్టిక్ సంచిలో పడుతుంది. గాలి పైనున్న గుడ్డ సంచి నేతలోంచి బయటికి పోతుంది. సన్నని దుమ్ము ఆ గుడ్డకు లోపలివైపే చిక్కుకుంటుంది. అంటే మనిషి ఊపిరితిత్తులు చేసే పనిని ఒక గుడ్డ చేస్తుంది. ఇంతకుమించి ఇందులో వేదాంతం లేదు. కాని గురవయ్య చేతిలో పడ్డ ఏ వస్తువూ వేదాంతం అంటకుండా ఎక్కువకాలం బతకలేదు.

గురవయ్య వడ్రంగి కాడు. తర్లుపాడు దగ్గర తాతలనాటి మెట్టపొలంలో ఐదు బోర్లు వేయించి, ఐదింటిలోనూ ఆకాశానికెగసే తెల్లని దుమ్మును తప్ప మరొకటి దర్శించని రైతు. ఆరో బోరుకు కొబ్బరికాయ కొట్టబోతుండగా భార్య వెంకటసుబ్బులమ్మ వెళ్లి బోరు లారీ ముందు చాప పరుచుకుని కూర్చుంది. ఆ విధంగా వ్యవసాయ రంగం నుంచి విరమింపజేయబడిన గురవయ్య, మిగిలిపోయిన కేసింగు పైపులను వెంటబెట్టుకుని మార్కాపురం చేరి, తలుపులూ మంచాలూ చేసే దుకాణం తెరిచాడు. మేకు కొట్టడం ఆయనకు ఈనాటికీ రాదు. ఆయనకు పట్టుబడిన విద్య నిలబడటం. పని జరుగుతున్న చోట, పనికి అడ్డంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటంలో పశ్చిమ ప్రకాశంలో ఆయనకు సాటి వచ్చేవారు లేరు.

అంత గొప్పగా నిలబడటంలో సగం ఘనత గంజిది. నాగరికత గంజితోనే మొదలైందనీ, జనం గంజి మానేసిన నాటినుంచే ఒకరినొకరు గౌరవించుకోవడం కూడా మానేశారనీ ఆయన నమ్మకం. ఆయన తెల్లచొక్కా కొక్కేనికి తగిలించి ఉన్నప్పుడు కూడా లోపల మనిషి ఉన్నట్టే కనిపించేది. పంచె నడిస్తే చప్పుడయ్యేది. భుజం మీది కండువాను చూసి అది రేకుతో చేసిందా అని ఒక పెళ్లిలో ఎవరో తాకి చూశారు. ఇంట్లో దిండు గలీబులు, కిటికీ తెరలు, చివరికి బనీన్లు కూడా వెంకటసుబ్బులమ్మ చేతి గంజిలో మునిగి లేచినవే.

నిలయం గురవయ్యది; అందులోని దారుశిల్పమంతా యోబుది. పదహారేళ్లుగా ఆ దుకాణంలో ప్రతి తలుపునూ చెక్కినవాడు యోబు. చెక్కను వేలితో తడిమి, అది ఎండలో ఎటు వంగుతుందో ముందే చెప్పగలడు. యోబు తండ్రి శాంతయ్య పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రాయి కోసి, ఆ రాతిపొడినే పొరలు పొరలుగా ఊపిరితిత్తుల్లో పేర్చుకుని, యాభై రెండో ఏట దగ్గుతూ దగ్గుతూ పోయాడు. చివరి రెండేళ్లు ఆ ముసలాయనకు వీపు నిమిరింది కోడలు సౌభాగ్యమ్మ. అందువల్ల భర్త ఏ రాత్రి ఎలా దగ్గాడో ఆమె లెక్క తప్పదు. పోయిన వేసవిలో ఆమె యోబును డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే చూసి, ఇప్పటికి ఫరవాలేదనీ, చెక్క దుమ్ము మాత్రం ఇక లోపలికి పోకూడదనీ చెప్పాడు. ఆ సాయంత్రమే ఆమె దుకాణానికి వచ్చి ఆ మాటను ఉన్నదున్నట్టు గురవయ్యకు అప్పజెప్పింది.

కలెక్టరు రావడానికి అసలు కారణం ఇదే. ఊరికి మాత్రం గురవయ్య ఆధునికత అనీ, జర్మనీ పద్ధతి అనీ వేరే కారణాలు చెప్పుకున్నాడు. పనివాడి దగ్గు కోసం అంత పెద్ద యంత్రం కొన్నానని ఒప్పుకోవడం ఆయన చొక్కాకు కుదరలేదు.

వచ్చిన మొదటి మూడు నెలలూ యంత్రం ధర్మంగా నడిచింది. పాత కేసింగు పైపులే గొట్టాలయ్యాయి. నీళ్లు మోయని పైపులు చివరికి దుమ్మునైనా మోశాయి. యోబు దగ్గు తగ్గింది. గురవయ్యకు అందులో ఒకే ఒక్క లోపం కనిపించింది. మోటరు నడిచినంతసేపూ గుడ్డ సంచి నిండుగా ఉబ్బి రాజసంగా ఉండేది. ఆపగానే ఉసూరుమంటూ కిందికి జారి, తల వేలాడేసుకునేది. పైగా బూడిదరంగుకు తిరిగింది. వచ్చినవారికి చూపించేటప్పుడు అది ఆయనకు నామోషీగా ఉండేది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు మిషన్లన్నీ కడిగి, తుడిచి, పసుపు రాశారు. పండగ కనుక యోబుకు ముందురోజునుంచే సెలవు. గురవయ్య స్వయంగా కలెక్టరు కిరీటాన్ని, అంటే ఆ గుడ్డ సంచిని, ఊడదీయించి ఇంటికి తెచ్చి భార్య ముందు వేశాడు.

“దీనికి కూడా నా చొక్కా మర్యాదే చెయ్యాల,” అన్నాడు.

“ఏంది ఇది, ఏనుగు లాగా?” అంది వెంకటసుబ్బులమ్మ.

“మా కలెక్టరు తలపాగా.”

ఆమె దాన్ని ఉతికింది. పెద్ద డేగిశాలో చిక్కటి గంజి కాచి, చిటికెడు నీలిమందు కలిపి, ఒకటికి మూడుసార్లు ముంచి, మిద్దె మీద ఆరేసి, ఇస్త్రీ చేసి పంపింది. సంచి మళ్లీ సింహాసనమెక్కింది. ఇప్పుడది మోటరు ఆపినా తల వంచలేదు. నిటారుగా, తెల్లగా, మెడ బిగించుకుని నిలబడింది. గురవయ్య దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఫొటోలో ఇద్దరూ అన్నదమ్ముల్లా ఉన్నారు.

పండగ మరునాడు యోబు వచ్చి చిత్రిక మిషను వేశాడు. పొట్టు గొట్టంలోకి పోకుండా కాళ్ల మీద పడింది. సన్నని దుమ్ము లేచి, కిటికీలోంచి వచ్చే ఎండలో మెల్లగా తిరగసాగింది.

“అన్నా, గాలి లాగడం లేదు,” అన్నాడు యోబు.

“ఓల్టేజి తక్కువుంటుంది లే.”

“లైట్లు బాగానే వెలుగుతుండాయి గదన్నా. ఇది పండ...” అని యోబు ఆగి, ఒకసారి దగ్గి, “పనికి మాత్రం అడ్డమే,” అని ముగించాడు.

గురవయ్య ఆ ఆగిన మాటను గమనించాడు. గమనించనట్టు మీసం దువ్వుకున్నాడు. పూజ చేసిన మరునాడే యంత్రం మూగబోయిందన్న సంగతి ఆయనకు మాత్రం తెలియక కాదు. కాని యోబు ప్రార్థనకు పోయే మనిషి. అతని ఎదుట ఆ మాట ఎత్తితే తన పూజకు తక్కువ, ఎత్తి ఇంకేదైనా అంటే అతని విశ్వాసానికి నొప్పి. ఇద్దరు మర్యాదస్తులు ఒకే నిజాన్ని చెరో వైపునుంచి పట్టుకుని, ఎదుటివాడి మనసు నొచ్చుకుంటుందేమోనని దాన్ని నేల మీద పెట్టలేక రెండు వారాలు మోశారు. ఆ రెండు వారాల్లో యోబు దగ్గు మళ్లీ పాత ఇంటికి తిరిగొచ్చింది.

మూడో వారం మొదట్లో, సోమవారం నాడు, సౌభాగ్యమ్మ కబురు పంపింది. గిద్దలూరులో ఒక బడికి కాపలా మనిషి కావాలట. ఆమె తమ్ముడు మాట్లాడి ఉంచాడట. చెట్టు కింద కుర్చీ, నల్లమల మీదినుంచి వచ్చే గాలి. వచ్చే సోమవారం చేరాలి. దుకాణంలో దుమ్ము ఆగకపోతే శనివారం తానే ఆటో తెచ్చి భర్త పనిముట్ల పెట్టెను తీసుకుపోతుంది.

గురవయ్యకు ఆ పూట అన్నం సహించలేదు. యోబు లేని దుకాణంలో తాను ఎక్కడ నిలబడాలో ఆయనకు తోచలేదు. నిలబడి చూడటానికంటూ ఒకడు పనిచేస్తుండాలి కదా. అదిగాక క్రిస్‌మస్ నాటికి తర్లుపాడు చర్చికి నలభై బెంచీలు ఇవ్వాలి. ఆ బెంచీల పక్క పలకల మీద యోబు ద్రాక్షతీగలు చెక్కుతానని తనకు తానే మొక్కుకున్నాడు. సగం చెక్కిన తీగలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా గురవయ్య కండువా సర్దుకునేవాడు. ఆయన బాధపడే పద్ధతి అది.

వెంటనే వైద్యం మొదలైంది. మంగళవారం అశోక్ వచ్చాడు. గురవయ్య ఐదు బోర్లకూ మోటర్లు దించి, ఐదు మోటర్లనూ తిరిగి పైకి లాగిన అనుభవశాలి అతనే. ఫ్యాను బాణం గుర్తు వైపే తిరుగుతోందా అని చూశాడు, తిరుగుతోంది. కరెంటు చూశాడు, బాగుంది. ఆ తర్వాత అతని వద్ద మిగిలింది బోరు శాస్త్రమొక్కటే.

“మామా, నీళ్లయినా గాలైనా ఒకటే. పైపు సన్నం చేస్తే దెబ్బ గట్టిగా తగుల్తాది. తోటలో పైపు కొసన బొటనవేలు పెట్టి చూడలేదా?”

“తోటలో నీళ్లెప్పుడు వచ్చినాయి అల్లుడా, వేలు పెట్టి చూడను?”

“వచ్చినట్టు అనుకో.”

అనుకున్నారు. ఏడంగుళాల గొట్టం మధ్యలో మూడంగుళాల ముక్క బిగించారు. మోటరు వేయగానే గొట్టం నోటి దగ్గర సన్నటి ఈల వినిపించింది. ఆ ఈలకు అశోక్ గర్వంగా తలూపాడు, గురవయ్య తలూపాడు, బజారులో పోయేవారు ఇద్దరు లోపలికి వచ్చి తలూపారు. యోబు మాత్రం చిత్రిక మిషను వేసి చూశాడు. ఇంతకుముందు గొట్టం కొంచెం పొట్టునైనా మర్యాదకు తీసుకునేది. ఇప్పుడది ఈల వేస్తూ అంతా వదిలేసింది.

బుధవారం గొట్టాలన్నీ విప్పి లోపల వెతికారు. ఒక వంపు దగ్గర గుప్పెడు పొట్టు, రెండేళ్ల కిందట పోయిన యోబు పెన్సిలు దొరికాయి. రెండేళ్ల కిందటి పెన్సిలు మూడు నెలల కిందటి యంత్రంలోకి ఎలా చేరిందన్న చర్చకే మధ్యాహ్నం దాకా పట్టింది. అంతకుమించి అడ్డేమీ లేదు.

గురువారం గురవయ్య తన సొంత ప్రజ్ఞను ప్రయోగించాడు. కలెక్టరు ఈశాన్యంలో బరువుగా కూర్చున్నాడనీ, ఈశాన్యం మూత పడితే ఏ గాలీ ఆడదనీ తేల్చి, యంత్రాన్ని నైరుతికి జరిపించాడు. అందువల్ల గొట్టం గోడవెంట తిరిగి, దూలాన్ని తప్పించుకుని, మూడు కొత్త వంకరలు పోవలసివచ్చింది. ఇప్పుడు ఈల కూడా ఆగిపోయింది. వాస్తు ప్రకారం ఇది శాంతి అని గురవయ్య అన్నాడు. యోబు నోటికి తువ్వాలు కట్టుకుని దగ్గాడు.

శుక్రవారం, మరో దారి లేక, కంపెనీకి ఫోను చేశారు. అటువైపు సురేష్ అనే ఇంజనీరు. మర్యాదగల కుర్రవాడు. వరసగా అడిగాడు.

“సార్, గొట్టాల అతుకుల్లో గాలి కారుతుందా?”

“లేదు. చెయ్యి పెట్టి చూసినాం.”

“వాడని మిషను వైపు గేటు మూస్తున్నారా?”

“మూస్తున్నాం.”

“కింది సంచి నిండిపోయిందా?”

“నిండేదానికి అందులోకి వస్తే గదా నాయనా.”

“అయితే పై సంచి చూడండి సార్. పదిమందిలో తొమ్మిదిమందికి సమస్య అక్కడే. మురికి పట్టేసి గాలి బయటికి పోదు. పోయే దారి లేకపోతే లోపలికి వచ్చే గాలి కూడా ఉండదు.”

గురవయ్య నవ్వాడు. వారం రోజుల్లో అదే ఆయన మొదటి నవ్వు. “ఆ ఒక్కటి మాత్రం నన్ను అడగొద్దు. మీ కంపెనీలో కూడా అంత శుభ్రంగా ఉండదు. దసరాకు ఉతికిచ్చినాం.”

“చాలా మంచిది సార్. ఎవరూ ఉతకరు.”

“మేము ఉతుకుతాం.”

అన్నం వండామని చెప్పేవారు నీళ్లు పోశామని విడిగా చెప్పరు. గురవయ్య ఇంట్లో ఉతకడమంటే గంజితో సహా. దాన్ని వేరే విన్నవించడం ఆయనకు తోచనేలేదు. సురేష్ ఎందుకైనా మంచిదని, ఆ సంచిని వీడియో తీసి పంపమన్నాడు. గురవయ్య నాలుగు నిమిషాల వీడియో పంపాడు. అందులో ఆయన సంచికి ముందు నిలబడి, యంత్రం పుట్టుపూర్వోత్తరాలూ, దారుశిల్ప నిలయం చరిత్రా వివరించాడు. సంచి ఆయన చెవుల వెనక అక్కడక్కడా తెల్లగా కనిపించింది. అది గోడ అనుకున్నాడు సురేష్.

శనివారం మధ్యాహ్నం ఆటో వచ్చి ఆగింది.

సౌభాగ్యమ్మ లోపలికి వచ్చి, చెప్పులు వాకిట్లోనే విడిచి, మొగుడికేసి ఒకసారి, నేల మీది పొట్టుకేసి ఒకసారి చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. గురవయ్య కోపానికి సిద్ధపడి కొన్ని మాటలు కూర్చుకున్నాడు. అవన్నీ వృథా అయ్యాయి.

“పెట్టె సర్దుకో,” అందామె యోబుతో.

“ఇంకో రెండు రోజులు చూడు చెల్లె,” అన్నాడు గురవయ్య. “హైదరాబాదు నుంచి మనిషిని పిలిపిస్తా.”

“మా మామకు కూడా అట్లనే చెప్పినారన్నా. ముక్కుకు గుడ్డలు తెప్పిస్తామని. తెచ్చేలోపు ఆయన పోయినాడు.”

 గురవయ్య కండువా సర్దుకున్నాడు. యోబు ఉలులు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టసాగాడు. సగం చెక్కిన ద్రాక్షతీగ వైపు చూడకుండా ఉండటానికి అతను చేస్తున్న ప్రయత్నం అందరికీ కనిపిస్తూనే ఉంది. మోటరు ఆపి చాలాసేపైంది. 

ఊరికే నిలబడటం గురవయ్యకు విద్య గాని సౌభాగ్యమ్మకు అలవాటు లేదు. ఆమె అటూ ఇటూ చూసి, నైరుతి మూలకు పోయి, యంత్రం ముందు ఆగింది.

“ఇదేనా అది?”

“అదే. మా కలెక్టరు.”

“మిషను ఆపినారు గదా.”

“ఆపినాం.”

“మరి ఇది నిలబడే ఉందేంది?”

గురవయ్యకు దుఃఖంలో కూడా ఛాతీ కొంచెం విశాలమైంది. “అదే దాని ఘనత. ముందు వంగిపోయేది. ఇప్పుడు ఆపినా వేసినా ఒకటే ఠీవి.”

సౌభాగ్యమ్మ చెయ్యి చాచి గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుంది. అది అప్పడంలా కరకరమంది. వేలి కణుపుతో కొట్టింది, టకటకమంది. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. తర్వాత నీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు గుడ్డ మీద పోసి, బొటనవేలితో రుద్ది, ఆ వేలిని చూపుడువేలికి అంటించి విడదీసింది. రెండు వేళ్ల మధ్య సన్నటి బంక దారం సాగింది.

“గంజి,” అంది.

“చిక్కటి గంజి,” అని గురవయ్య సవరించాడు. “నా చొక్కాకు పెట్టినట్టే. మీ అక్క మూడు తూర్లు ముంచింది.”

 ప్రతి ఆదివారం ప్రార్థనకు యోబు వేసుకునే తెల్లచొక్కాకు గంజి పెట్టేది సౌభాగ్యమ్మే. గంజి చేయగలిగిందేదో, చేయకూడనిదేదో ఆమెకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆమె తన పైట కొంగును నోటికి అడ్డం పెట్టుకుని ఊదింది. అవతల పెట్టిన అరచేతికి గాలి తగిలింది. ఆ అరచేతిని గురవయ్య ముఖం ముందు పెట్టి మళ్లీ ఊదింది. ఆయన మీసానికి కూడా తగిలింది.

“ఇప్పుడు నీ కండువా ఇట్ల పట్టుకుని ఊదన్నా.”

గురవయ్య మడత నలగకుండా కండువా కొసను నోటికి పెట్టుకుని ఊదాడు. గాలి అవతలికి పోలేదు. తిరిగి ఆయన బుగ్గల్లోకే వచ్చింది. మళ్లీ ఊదాడు. కళ్లు పెద్దవయ్యాయి. మూడోసారి ఊదేటప్పటికి ఆయన ముఖంలో, ఐదో బోరు దగ్గర కూడా కనిపించని ఒక వెలుగు కనిపించింది. అది సంతోషం కాదు.

“అంటే...” అన్నాడు.

“గాలి బయటికి పోయేది ఈ గుడ్డలో నుంచే గదా. నువ్వు గోడ కట్టించినావు.”

అంతవరకూ పెట్టె మీదికి వంగి ఉన్న యోబు నెమ్మదిగా లేచాడు. “పండగ మర్నాటినుంచే అన్నా. నాకు ఆ పొద్దే తెలిసింది. నేను వచ్చేసరికే సంచి తెల్లగా నిలబడుంది. మీరు పూజ చేసుకున్నారు, నేను పోయి పూజ చేసినాక చెడిపోయిందంటే బాగుండదని...”

“నాకూ తెలుసు లేరా,” అన్నాడు గురవయ్య. “నీకు చెప్తే నువ్వు ఏమనుకుంటావో అని...”

“అన్నా, ఇంతకీ చెడింది పూజకు కాదు,” అంది సౌభాగ్యమ్మ. “మీ ఇద్దరి మర్యాద సంగతి తరవాత చూద్దాం. ముందు దీన్ని తియ్యండి. నువ్వు రోడ్డు మీదికి పో,” అని మొగుడిని బయటికి తరిమింది.

యోబు పోయి ఆటో పక్కన నిలబడ్డాడు. ఆమె ముక్కుకు కొంగు బిగించుకుని, సంచి పట్టీ తానే విప్పి, ఆ గుడ్డ సింహాసనాధీశుణ్ణి కిందికి దించింది. నేల మీద పెట్టినా అది నిలబడే ఉంది. గురవయ్యను కూడా బయటికి పొమ్మంది. ఆయన పోలేదు. తన దుకాణంలో జరిగే ప్రయోగానికి తాను దగ్గరుండాలి. అది కూడా చాలా దగ్గర. చిత్రిక మిషను గొట్టం నోటి పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని, తన అలవాటైన భంగిమలో ఆయన నిలబడ్డాడు.

సౌభాగ్యమ్మ స్విచ్చు నొక్కింది.

మూడు వారాలుగా కడుపులో దాచుకున్న గాలినంతా యంత్రం ఒక్కసారి బయటపెట్టింది. నేల మీది పొట్టు కదిలి, లేచి, వరసకట్టి గొట్టంలోకి పరుగెత్తింది. దాని వెంట గురవయ్య భుజం మీది కండువా కూడా బయలుదేరింది. ఆయన పట్టుకునేలోపు అది గొట్టంలోకి నిటారుగా, ఏ మడతా చెడకుండా ప్రవేశించింది. అటువైపు, సంచి లేని రంధ్రంలోంచి దుమ్ము గోపురంలా లేచి, కప్పుకు తగిలి, విచ్చుకుని, తీరిగ్గా కిందికి దిగి, దారుశిల్ప నిలయాధిపతికి నఖశిఖపర్యంతం అభిషేకం చేసింది.

సౌభాగ్యమ్మ మోటరు ఆపింది. దుమ్ము పూర్తిగా దిగడానికి కొంతసేపు పట్టింది. అందులోంచి మొదట మీసం, తర్వాత మనిషి బయటపడ్డారు.

“లాగుతుంది,” అన్నాడు గురవయ్య.

కండువా గురువారం నాటి మూడు వంకరల్లో మొదటిదాని దగ్గర చిక్కుకుని దొరికింది. నేరుగా పోయి ఉంటే ఫ్యానులో పడి రెక్కలు విరిగేవి. వాస్తువల్లే ఫ్యాను దక్కిందని గురవయ్య తర్వాత పలుమార్లు సెలవిచ్చాడు. ఆ వాస్తును ఆ సాయంత్రమే పీకేసి, యంత్రాన్ని పాత చోటికి జరిపి, అశోక్ మూడంగుళాల ముక్కను కూడా తీసివేసి, గొట్టాన్ని మునుపటిలా తిన్నగా బిగించారన్న సంగతిని మాత్రం ఆయన ఆ కథలో చేర్చలేదు.

సంచిని ఇంటికి పట్టుకుపోయారు. వెంకటసుబ్బులమ్మ విషయం విని, ముందు సంచిని, తర్వాత దుమ్ములో మునిగిన మొగుడిని చూసింది.

“నేను పెట్టిన గంజికి పేరు పెట్టేదానికి వచ్చినావా?”

“పేరు పెట్టలేదు. బాగా పెట్టినావు. అంత బాగా పెట్టినందుకే...”

“చొక్కా మర్యాద చెయ్యమన్నది ఎవరు?”

గురవయ్య ఆకాశం వైపు చూశాడు.

“అక్కా, నీ గంజికి తిరుగులేదు,” అంది సౌభాగ్యమ్మ. “మూడు వారాలు ఆరు గుర్రాల మోటరును ఆపింది. ఇంక వేడినీళ్లు పెట్టు.”

ఇద్దరు ఆడవాళ్లూ కొంగులు బిగించి, సంచిని వేడినీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, నాలుగు విడతల్లో గంజి వదిలించారు. నాలుగో నీళ్లు తేటగా వచ్చేదాకా సౌభాగ్యమ్మ లేవలేదు. పనిలో పనిగా ఇద్దరూ మొగవాళ్ల గురించి మాట్లాడుకున్న మాటలు గురవయ్యకు మిద్దె మీదికి కూడా వినిపించాయి. అవి ఆయన చరిత్రలో చేరదగినవి కావు.

ఆటో ఖాళీగా తిరిగిపోయింది. కాని సౌభాగ్యమ్మ గిద్దలూరు పనిని వదులుకోలేదు. పది రోజులు ఆగమని తమ్ముడికి ఫోను చేసింది. సోమవారం పొద్దున దుకాణానికి వచ్చి, యోబు నిలబడి పనిచేసే చోట, అతని ముఖానికి ఎత్తుగా, ఒక తెల్లటి చేతిరుమాలు తడిపి మేకుకు తగిలించింది.

“రోజూ సాయంత్రం వచ్చి దీన్ని చూస్తా,” అంది. “మీరు చెప్పే మాటలు నాకొద్దు. ఈ గుడ్డ చెప్తాది.”

“దానికి గంజి...” అని మొదలుపెట్టబోయి, గురవయ్య తనంతట తానే ఆగిపోయాడు.

“పెట్టలేదు. నీ ఇంటి గంజి గిన్నె ఈ గడప తొక్కితే పెట్టె నా నెత్తిన పెట్టుకుపోతా.”

సంచిని నెలకొకసారి వీధి అవతలికి తీసుకుపోయి దులిపే అధికారాన్ని కూడా ఆమే పుచ్చుకుంది. దుకాణంలో ఏ పదవీ లేని మనిషికి ఒక్క వారంలో ఇన్ని అధికారాలు సంక్రమించడం గురవయ్య చూస్తూనే ఉన్నాడు. అడ్డుచెప్పడానికి తగిన చొక్కా ఆనాడు ఆయన ఒంటి మీద లేదు.

సోమవారం సాయంత్రం రుమాలు మీద సన్నటి పొడి పడి ఉంది. మంగళవారం అంతకంటే తక్కువ. అతుకుల దగ్గర యోబు మైనం పట్టించిన తర్వాత, బుధవారం సాయంత్రం సౌభాగ్యమ్మ రుమాలును వెలుగులో పెట్టి, తిప్పి తిప్పి చూసి, విదిలించి తిరిగి మేకుకు తగిలించింది. ఎనిమిదో రోజు రాత్రి యోబు తెల్లవారేదాకా ఒక్కసారే దగ్గాడనీ, అది కూడా పచ్చడి కారం వల్లేననీ ఆమె మరునాడు వెంకటసుబ్బులమ్మకు చెప్పగా, వెంకటసుబ్బులమ్మ గురవయ్యకు చెప్పింది. గిద్దలూరు బడికి మరొకరు కాపలాకు కుదిరారు.

తర్లుపాడు చర్చి బెంచీల మీద ద్రాక్షతీగలు పాకసాగాయి. యోబు చిత్రిక మిషను వేసినప్పుడల్లా సంచి నిండుగా ఉబ్బుతుంది. పొట్టు దారి తప్పకుండా లోపలికి పోతుంది. పక్కన చేతులు వెనక్కి కట్టుకుని గురవయ్య నిలబడి ఉంటాడు, గొట్టం నోటికి మూడడుగుల దూరంలో, కండువాను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని. పని ముగిసి యోబు మోటరు ఆపగానే సంచి మెల్లగా జారి, ఆయన ఉన్న వైపే తల వంచుతుంది.

అది తనకు నమస్కరిస్తోందని గురవయ్య అర్థం చేసుకున్నాడు. రోజూ తానూ కొంచెం తలవంచి ఆ నమస్కారాన్ని స్వీకరిస్తున్నాడు.